మునుగుతున్న వారికి మాత్రమే ప్రవేశం

ఆ రోజు బంగళాలో ఉన్నవాళ్లు వీళ్లు: నౌకాదళం నుంచి రిటైరై జిల్లా తాగునీటి శాఖ కమిషనరుగా వచ్చిన అడ్మిరల్ భార్గవ గారు, ఆయన భార్య వైదేహి గారు, సూపరింటెండెంటు నరహరిరావు, దఫేదారు తిప్పేస్వామి, తిప్పేస్వామి అక్క కూతురు హంపమ్మ, ఇంకా కొందరు గుమాస్తాలు. వీరిలో అడ్మిరల్ గారు, సూపరింటెండెంటు, దఫేదారు, గుమాస్తాలు సముద్రం మీద ఉన్నారు. వైదేహి గారూ హంపమ్మా వంటింట్లో ఉన్నారు. సముద్రానికీ వంటింటికీ మధ్య ఒక తలుపు ఉంది. దాని గడియ సముద్రం వైపు ఉంది.

బంగళా ఉన్నది బండరాళ్ల ఊళ్లో. అక్కడ సముద్రం ఎటువైపని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు, ఐదోవాడు ఆకాశం వైపు చూపిస్తాడు. అలాంటి ఊరికి అడ్మిరల్ గారు రావడంలో ప్రభుత్వం తప్పేమీ లేదు. ఆయన జీవితమంతా మచ్చ లేకుండా నౌకలు నడిపి ఇంటికి వచ్చారు. అంత అనుభవాన్ని వరండాలో పేపరు చదువుకోవడానికి వదిలేస్తే దేశానికి నష్టమని రాజధానిలో పెద్దలు అనుకున్నారు. తాగునీటి శాఖకి కమిషనరు కావలసి వచ్చినప్పుడు, ఉన్న అధికారుల్లో నీళ్లు బాగా తెలిసినవారెవరని విచారించారు. కొందరు నీటి మీద సెమినార్లలో మాట్లాడారు. ఒకాయన నీటి మీద పుస్తకానికి ముందుమాట రాశాడు. ఏళ్ల తరబడి నీటి మీదే బతికినవారు మాత్రం అడ్మిరల్ గారొక్కరే. సముద్రపు నీళ్లు తాగడానికి పనికిరావని ఒక చిన్న అధికారి ఫైలు పక్కన రాశాడు. ఆయన్ని అడవుల శాఖకి పంపించారు.

అడ్మిరల్ గారు వచ్చిన మొదటి రోజు ఆఫీసు చూశారు. గుమాస్తాల బల్లల చుట్టూ జనం, కిటికీల్లోంచి చేతులు, చేతుల్లో అర్జీలు. "ఇది ఆఫీసు కాదు, సంత" అన్నారు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట కార్యాలయం నౌకగా పరిగణించబడును.

సిబ్బంది భయపడ్డారు. పని చేయమంటారేమో అనుకున్నారు. అలాంటిదేమీ లేదని తెలిశాక అందరూ ఉత్సాహంగా నావికులయ్యారు. ముందరి మెట్లు పగలగొట్టించి వాటి స్థానంలో ఒక పొడుగాటి పలక వేయించారు. ఉదయం తొమ్మిదికి ఈల మోగుతుంది, పలక పైకి లాగేస్తారు, ఓడ బయలుదేరుతుంది. సాయంత్రం ఐదుకి ఓడ రేవు చేరుతుంది, పలక దిగుతుంది, సిబ్బంది ఇళ్లకు వెళతారు. నడిసముద్రంలో ఏ ఓడా ప్రయాణికులను ఎక్కించుకోదు కనుక పగలు ఎవరూ లోపలికి రాకూడదు. ఐదు తర్వాత ఎవరైనా రావచ్చు, కాని లోపల ఎవరూ ఉండరు. ఈ పద్ధతిలో లోపం వెతకడానికి వచ్చిన తనిఖీ వాళ్లు పొద్దు గుంకే దాకా ఒడ్డున నిలబడి, లోపమేమీ కనబడలేదని రాసి వెళ్లిపోయారు.

ఆ నెల జిల్లా నుంచి రాజధానికి ఒక్క నీటి ఫిర్యాదు కూడా వెళ్లలేదు. అంతకుముందు ఏ కమిషనరూ ఆ పని చేయలేకపోయాడు.

హంపమ్మ ఉప్పరహట్టి నుంచి మొదటి బస్సుకే వచ్చింది. బస్సు దారిలో ఆగి ఆగి రావడంతో ఆమె గేటు దగ్గరికి చేరేసరికి పలక పైకి లేచిపోయింది. తిప్పేస్వామి వరండా మీద నుంచే కళ్లతో పెరటి దారి చూపించాడు. అలా ఆమె వంటింట్లోకి వచ్చింది.

"ఏ ఊరమ్మా మీది?" అని వైదేహి గారు అడిగారు.

హంపమ్మ చెప్పింది. వైదేహి గారికి వినబడలేదు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా, ఇక్కడెవరూ కొట్టరు."

హంపమ్మ గొంతు పుట్టుకతోనే చిన్నది. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికేది మాస్టారికి వినబడక గైరుహాజరు పడుతుంటే, పక్కన కూర్చునే అమ్మాయి ఆమె తరఫున పలకడం మొదలుపెట్టింది. అలాంటి పిల్లను పంపించడానికి హాస్టలు వార్డెను చెప్పిన కారణం ఒక్కటే. "మీ మామ ఆ ఆఫీసులోనే ఉండాడు కదా. ఇంకెవురు పోతారు?"

వైదేహి గారు కూర తరగడం ఆపి దగ్గరికి వంగితే విషయం కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. ఉప్పరహట్టి బాలికల హాస్టలు బోరు మోటరు కాలిపోయింది. బాగు చేయిస్తే మళ్లీ కాలింది. రోజు మార్చి రోజు వచ్చే ట్యాంకరు మీద అరవై మంది ఆడపిల్లలు నెట్టుకొస్తున్నారు. కొత్త మోటరుకి కమిషనరు సంతకం కావాలి. సోమవారం సాయంత్రంలోగా సంతకం రాకపోతే హాస్టలుకి తాళం వేసి పిల్లల్ని ఇళ్లకు పంపేస్తానని వార్డెను చెప్పేసింది.

"పోనీ, కొన్నాళ్లు ఇంటి దగ్గర చదువుకుంటే?"

"ఇంటికాడ ఎవురూ లేరమ్మా. అమ్మా నాయనా బెంగుళూరికి బేల్దారి పనికి పోయినారు. నన్ను ఇంటికి పంపితే నేనూ ఆడికే పోవల్ల. ఇటుకలు మోయనీకి."

"పరీక్షలు?"

పరీక్షలు వచ్చే నెలలో ఉన్నాయి.

తలుపు అవతల ఎవరో గట్టిగా తుమ్మారు. "ఆయనే" అన్నారు వైదేహి గారు. లేచి తలుపు తట్టారు. "ఏవండీ! ఒక్కసారి వింటారా? ఒక పిల్ల వచ్చింది."

అవతల నుంచి నరహరిరావు గొంతు వినిపించింది. "క్షమించాలి మేడం. నౌక తీరమునకు సుదూరముగా ఉన్నది. తీరము నుండి వచ్చు కేకలను స్వీకరించుటకు నిబంధన లేదు."

"తుమ్ము వినబడిందిగా!"

"అది నౌక నుండి తీరమునకు మేడం. అటువైపు అనుమతి ఉన్నది."

వైదేహి గారు వచ్చి మళ్లీ కత్తిపీట ముందు కూర్చున్నారు. "ఆయన నిజంగా సముద్రం మీద ఉన్న రోజుల్లో ఉత్తరం రాస్తే ఎప్పటికో జవాబొచ్చేది. ఇప్పుడు గోడ అవతలే ఉన్నారు. ఉత్తరానికి జవాబు కూడా లేదు" అన్నారు. "సాయంత్రం ఇంట్లోకి వస్తారుగా, కాఫీ నువ్వే ఇవ్వు. అప్పుడు చెప్పు."

సాయంత్రం ఈల మోగింది. గడియ తీసిన చప్పుడైంది. అడ్మిరల్ గారు వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నారు. పొడవాటి మనిషి, తెల్లటి గడ్డం, ఎంతో మర్యాద. హంపమ్మ అందించిన కాఫీ గ్లాసుని రెండు చేతులతో అందుకున్నారు.

"ఏ క్లాసమ్మా?"

"పది, సార్."

"వెరీ గుడ్. లెక్కలు వచ్చా?"

"వస్తాయి సార్. సార్, మా హాస్టల్లో బోరు మోటరు..."

అడ్మిరల్ గారు చెయ్యి పైకెత్తారు. కోపంతో కాదు, చంటిపిల్ల నిప్పు వైపు పోతుంటే ఆపినట్టు. "షోర్ లీవ్ మీద ఒడ్డుకి దిగిన నావికుడితో ఓడ సంగతులు మాట్లాడకూడదు తల్లీ. క్రమశిక్షణ అక్కడే చెడుతుంది. రేపు ఓడ ఎక్కి చెప్పు. నేను వింటాను. వినకపోవడమనేది నా సర్వీసులోనే లేదు."

"ఎక్కనీరు కదండీ!" అన్నారు వైదేహి గారు.

"నడిసముద్రంలో ఎలా ఎక్కుతుంది వైదేహీ?" అని ఆయన ఆశ్చర్యపడి, కాఫీ బాగుందని హంపమ్మని మెచ్చుకున్నారు.

హంపమ్మ ఆ రాత్రికి పెరట్లో మామ గదికి చేరింది. తిప్పేస్వామి రొట్టె తుంచి ఆమె పళ్లెంలో వేశాడు.

"మామా, నువ్వే ఆ కాగితం సార్ బల్ల మీద పెట్టకూడదా?"

"పెట్టేటోన్నే పాపా. ఒడ్డు మీది కాగితం ఓడలో కనబడితే దొంగ సరుకంట. పోయిన నెల మా గుమాస్తా ఎర్రిస్వామి ఇట్లనే ఒగ అర్జీ జేబులో పెట్టుకొచ్చినాడు. రెండు వారాలు గోదాములో కూచోబెట్టిరి, జైలని చెప్పి." కాసేపు నమిలి అన్నాడు, "రూలుబుక్కులో ఒగటే సందుండాది. సూపరెంటు సదువుతాంటే విన్నా. నీళ్లలో మునుగుతాండే మనిషిని మాత్రం ఏ ఓడైనా ఎక్కిచ్చుకోవల్లంట. అది లోకమంతా ఉండే రూలంట."

"ఈడ నీళ్లు యాడుండాయి మామా?"

"అదే కదా నేనూ అనేది."

మర్నాడు హంపమ్మ గేటు లోపల, వరండాకి ఎదురుగా నిలబడింది. ఆ చోటు పేరు తీరం. వేపచెట్టు కింద అప్పటికే చాలామంది తీరవాసులు ఉన్నారు. కొందరు తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు. ఒక ముసలాయన నాలుగో వారం అక్కడే కూర్చోవడంతో కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్నే కమిషనరనుకుని దండం పెడుతున్నారు.

నరహరిరావు వరండా మీదికి వచ్చి రేకు బాకా నోటి దగ్గర పెట్టుకున్నాడు. అతనికీ హంపమ్మకీ మధ్య దూరం ఒక మంచమంత.

"తీరమున నిలబడిన బాలిక తన పరిస్థితి తెలుపవలెను!"

హంపమ్మ చెప్పింది. బాకా లేని గొంతు కదా, అతనికి వినబడలేదు. పక్కన ఉన్న ముసలాయన ఆమె మాట అందుకుని అరిచాడు. "మునుగుతాండాదంట సామీ!"

నరహరిరావు కింద ఎర్రమట్టి నేలను చూశాడు. "ఎక్కడ?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. తిప్పేస్వామి లోపలికి పోయి వంటింటి పెరట్లోంచి ఒక బకెట్టు నీళ్లు పంపించాడు. హంపమ్మ చెప్పులు విప్పి అందులో రెండు కాళ్లూ పెట్టింది.

నరహరిరావు పుస్తకం తెరిచి చాలాసేపు చదివాడు. "బకెట్టు యందు మునిగిన వ్యక్తిని నౌక రక్షించినట్లు పూర్వాచారము కనబడుట లేదు. కనీసము ఛాతీ లోతు ఉండవలెను. అలలు ఉన్నచో మంచిది."

"అలలు నేను చేస్తా సామీ" అని ముసలాయన బకెట్టులో చెయ్యి పెట్టి కదిపాడు.

ఆ సమయంలోనే అడ్మిరల్ గారు డెక్కు మీదికి వచ్చారు. ప్రతి ఉదయం ఆయన దుర్భిణితో నలుదిక్కులూ చూడడం అలవాటు. దుర్భిణిలో ఒక పిల్ల, ఒక బకెట్టు, ఆ బకెట్టులో మెరుస్తున్న నీళ్లు కనబడ్డాయి. ఆయన దుర్భిణి దించి తన ఓడ కిందికి చూశారు. ఎర్రమట్టి. మళ్లీ బకెట్టు చూశారు. ఆయన ముఖం వాడిపోయింది.

"మిస్టర్ నరహరీ, ఇన్నాళ్లుగా మనం నేలకి తగులుకుని ఉన్నాం!"

"చిత్తం సార్."

"నౌక నేలకి తగలడం కెప్టెనుకి ఎంత అవమానమో తెలుసా? ఆ పిల్ల ఒక్క బకెట్టు తెచ్చింది. మనం ఏం తెచ్చాం? జిల్లా తాగునీటి శాఖ మన చేతిలో ఉంది. ట్యాంకర్లు ఎన్ని ఉన్నాయి?"

"అన్నియూ తమ ఆజ్ఞకై ఎదురుచూచుచున్నవి సార్."

ఆ మధ్యాహ్నమే బంగళా చుట్టూ కందకం తవ్వడం మొదలైంది. తీరవాసులకు కూలి పని దొరికింది. చాలామంది అర్జీలు నడుముకి చెక్కుకుని పారలు పట్టారు. ఫైలులో ఆ పనికి "నౌకను నౌకగా చేయుట" అని పేరు పెట్టారు. నీటి శాఖ నీటి మీద ఖర్చు చేస్తే అడిగేవాళ్లెవరూ ఉండరు.

ఆదివారం ట్యాంకర్లు వరసగా వచ్చాయి. మూడో ట్యాంకరు డ్రైవరు మస్తాను హంపమ్మని గుర్తుపట్టాడు. "ఏం పాపా, నువ్వీడ ఉండావు?"

"ఈ ట్యాంకరు మా హాస్టలుది కదా మస్తానన్నా?"

"మీదే. ఈ పొద్దు మీకు రావల్సిన లోడే. ఈడ పొయ్యమని ఆర్డరొచ్చింది." మస్తాను గొట్టం కందకంలోకి వదిలాడు. "ఎవురో ఆడపిల్ల బకెట్టులో కాళ్లు పెట్టుకోని సముద్రం కావల్లని అడిగిందంట కదా. ఎవురది?"

హంపమ్మ గొట్టంలోంచి నీళ్లు దబదబా పడుతుంటే చూస్తూ నిలబడింది. రోజు మార్చి రోజు ఆ నీళ్ల కోసం వాళ్లు బిందెలు వరసలో పెట్టుకునేవాళ్లు. మనిషికి రెండు చెంబులు. ఒకటి ఒంటికి, ఒకటి బట్టలకి. ఇప్పుడు అవన్నీ ఎర్రమట్టిలో కలిసి నురగలు కడుతున్నాయి.

సోమవారానికి సముద్రం తయారైంది. ఊళ్లో ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తి వచ్చారు. గుమాస్తాలు కర్రలు పట్టుకుని అడ్డు నిలిచారు. "సముద్రపు నీళ్లు తాగకూడదమ్మా, దాహం ఎక్కువైతాది" అని నచ్చజెప్పారు. కొందరు నమ్మి వెనక్కి వెళ్లిపోయారు.

ఆ ఉదయమే రాజధాని నుంచి కబురు కూడా వచ్చింది. ఒక్క ఫిర్యాదూ లేని జిల్లా కమిషనరుని రాష్ట్రమంతటికీ నీటి సలహాదారుగా నియమించారు. రేపే బయలుదేరి రావాలి. అన్ని జిల్లాల ఆఫీసులనూ నౌకలుగా మార్చే పథకం ఆయన చేతిలో పెట్టారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. అడ్మిరల్ గారి కళ్లు చెమ్మగిల్లాయి.

మధ్యాహ్నం వార్డెను తిప్పేస్వామి ఫోనుకి ఫోను చేసింది. "నిన్న ట్యాంకరు రాలే. ఈ పొద్దూ రాలే. పిల్లోల్లు మొగాలు కూడా కడుక్కోలే. సాయంత్రం బస్సుకి అందరినీ పంపిచ్చేస్తాండా. ఆ పిల్ల ఏం చేస్తాంది ఆడ?"

తిప్పేస్వామి వరండా అంచుకి వచ్చి హంపమ్మని దగ్గరికి పిలిచాడు. "ఇంగ ఇప్పుడే దిగల్ల. రేపుటికి సార్ ఉండడు."

హంపమ్మ అర్జీని ప్లాస్టిక్ కవరులో చుట్టి జడలో దోపుకుంది. కందకం గట్టు మీదికి వచ్చి నీళ్లలోకి దిగింది. అంత నీళ్లలో ఆమె ఎప్పుడూ నిలబడలేదు. చల్లగా ఉన్నాయి. ఛాతీ దాకా వచ్చాయి. కాళ్ల కింద మట్టి జారుతోంది. వరండా మీద నరహరిరావు పుస్తకంతో సిద్ధంగా ఉన్నాడు. లోతు సరిపోయిందని టిక్కు పెట్టుకున్నాడు.

"మునుగుచున్న వ్యక్తి సహాయము కోరవలెను!"

"కాపాడండి" అంది హంపమ్మ.

"వినబడుట లేదు!"

"కాపాడండి సార్."

"నిబంధన ప్రకారము కేక నౌక యొక్క రెండవ చివర వరకు వినబడవలెను. లేనిచో ఆ వ్యక్తి స్నానము చేయుచున్నట్లు భావించబడును."

వంటింటి కిటికీలోంచి వైదేహి గారు అరిచారు. "కాపాడండీ! పిల్ల మునిగిపోతోంది!"

"తీరము నుండి అరచినది చెల్లదు మేడం. మునుగువారే స్వయముగా అరవవలెను."

ముసలాయన గట్టు మీద వంగి గుసగుసలాడాడు. "అరువు పాపా. మీ నాయిన్ని తిట్టినోన్ని తిట్టినట్టు అరువు."

హంపమ్మ నోరు తెరిచింది. తీరం మీద ఉన్నవాళ్లందరూ తననే చూస్తున్నారు. బడిలో హాజరు పిలుపులా ఉంది. పక్కన పలకడానికి ఎవరూ లేరు. ఆమెకి సాయంత్రం బస్సు గుర్తొచ్చింది. ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని గేటు బయట నిలబడ్డ అరవై మంది గుర్తొచ్చారు. బెంగుళూరులో రేకుల షెడ్డు, ఇటుకల తట్ట గుర్తొచ్చాయి.

"కాపాడండీ!"

కేక బంగళా అవతలి గోడకి తగిలి వెనక్కి వచ్చింది. వేపచెట్టు మీద కాకులు లేచిపోయాయి. లోపల గుమాస్తాలు బల్లల మీద నుంచి తలలెత్తారు. అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది హంపమ్మే.

"మనిషి నీళ్లలో!" అని అడ్మిరల్ గారు గది లోంచి పరుగెత్తుకొచ్చారు. ఆ వయసులో అంత చురుకుదనం ఎవరూ అనుకోలేదు. స్వయంగా లారీ ట్యూబు విసిరారు, స్వయంగా తాడు లాగారు, తన శాలువా తీసి ఆమెకి కప్పారు. వేడి టీ తెప్పించారు. హంపమ్మ పళ్లు టకటకలాడుతూ కమిషనరు బల్ల ముందు కూర్చుంది. ఆ కుర్చీలో అర్జీదారు కూర్చోవడం చాలా నెలల తర్వాత అదే మొదటిసారి.

నరహరిరావు రక్షితుల రిజిస్టరు తెరిచాడు.

"మునిగిన నౌక పేరు?"

హంపమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "ఉప్పరహట్టి బాలికల హాస్టలు."

నరహరిరావు రాసుకున్నాడు. "నౌకలో ఉన్నవారు?"

"అరవై మందిమి."

"మిగిలినవారు?"

"ఇంగా ఆడనే ఉండారు. సాయంత్రం దాకా."

"ప్రమాద కారణము?"

"నీళ్లు."

"అధికమగుట వలననా?"

"లేక, సార్."

నరహరిరావు కలం ఆగింది. "నీరు లేక మునిగినట్లు వ్రాయుటకు ఇందులో గడి లేదు సార్."

అడ్మిరల్ గారు చెయ్యి చాపి రిజిస్టరు పక్కకి జరిపారు. ఆయన ముఖంలో ఏదో మారింది. "ఏం కావాలి తల్లీ?" అని మెల్లగా అడిగారు.

హంపమ్మ జడలోంచి కవరు తీసి అర్జీ బల్ల మీద పరిచింది. ఈసారి ఎవరూ మళ్లీ చెప్పమనలేదు. "మా బోరుకు మోటరు కావల్ల సార్. ఈ పొద్దు సంతకం కాకపోతే హాస్టలు మూసేస్తారు. నేను పది రాయనీకి అయ్యేల్లేదు."

ఆయన అర్జీ మొత్తం చదివారు. ఒక వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివారు. "ఒక్క మోటరు కోసం నువ్వు సముద్రంలో దూకావా?" అన్నారు. "ఇంత ధైర్యం నా ఓడల్లో కూడా ఎక్కువ చూడలేదు." కలం మూత తీశారు. కాగితం అడుగున కుడి చేతి వైపు ఖాళీ చోట కలం ఆనించారు.

అప్పుడు గోడలోంచి బుస్సుమని చప్పుడు వచ్చింది.

బంగళా పాతకాలపుది, గోడలు ఇటుకా మట్టీ పెట్టి కట్టినవి. రెండు రోజులుగా సముద్రం ఆనుకుని ఉండడం ఆ గోడలకి అలవాటు లేదు. కిటికీ కింద ఒక ఇటుక జారింది, దాని వెనకే ఎర్రటి నీళ్లు పైకి చిమ్మాయి. గుమాస్తాలు కుర్చీలెక్కారు. ఫైళ్లు తేలడం మొదలుపెట్టాయి.

"సార్! నీళ్లు లోపలికి వచ్చుచున్నవి!" అని నరహరిరావు మొదటిసారి బాకా లేకుండా అరిచాడు.

అడ్మిరల్ గారు లేచి నిలబడ్డారు. ఆయన నడుము నిటారుగా అయ్యింది. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన నడిపిన ఏ ఓడా మునగలేదు. ఆ లోటు ఇన్నాళ్లూ మనసులో ఎంత మెదిలిందో ఆ క్షణం ఆయన ముఖం చూస్తే తెలిసేది. కలానికి మూత పెట్టి జేబులో గుచ్చుకున్నారు.

"ఎవరూ భయపడవద్దు. ఓడ వదిలి వెళ్లడానికి ఏర్పాట్లు చేయండి. అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి. స్త్రీలు, పిల్లలు ముందు."

ఆ ఓడలో ఆడమనిషి హంపమ్మ ఒక్కతే. పిల్ల కూడా ఆమె ఒక్కతే.

"సార్, సంతకం!" అంది హంపమ్మ.

"ముందు నువ్వు తల్లీ."

"ఒగ సంతకమే కదా సార్! అందరూ పోయినాక నేను పోతా!"

"వీల్లేదమ్మా. నా ఓడలో ఒక ఆడపిల్ల చివర దిగిందనే మాట నేను పడను." ఆయన తలుపు వైపు తిరిగారు. "దఫేదార్! ఈమెను క్షేమంగా బయటికి పంపండి. తర్వాత తలుపు బిగించండి. నీళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి పోకూడదు."

"కాగితం సార్! కాగితం తడుస్తాంది!" హంపమ్మ ఇప్పుడు అరుస్తోంది. ఒకసారి దొరికిన గొంతు మళ్లీ పోలేదు. బల్ల మీద అర్జీని అందుకోబోయింది. అది తేలుతున్న ఫైళ్ల మధ్యకి జారిపోయింది. నరహరిరావు దాన్ని చూసి "ఒడ్డు కాగితము" అని గొణిగాడు గాని పట్టుకోలేదు.

తిప్పేస్వామి ఆమె భుజాలు పట్టుకుని తలుపు దగ్గరికి నడిపించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. అడ్మిరల్ గారు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఆమెకి సెల్యూటు చేస్తున్నారు. గుమాస్తాలు కూడా కుర్చీల మీద నుంచి చేశారు. అంత గౌరవం అంతకుముందు ఆమెకి ఎవరూ ఇవ్వలేదు.

"మామా, సార్ కలం తీసినాడు మామా. ఇంగొగ గీత గీసింటే..."

"నేను సూసినా పాపా" అన్నాడు తిప్పేస్వామి. అతని కళ్లు తడిగా ఉన్నాయి. నీళ్లు ఎక్కడివో చెప్పడం కష్టం. పలక దించి, ఆమెను దాని మీద నిలబెట్టి, శాలువా సరిచేసి, ఒకసారి లోపలికీ ఒకసారి ఆమె వైపూ చూశాడు.

"ఆర్డరు పాపా" అని తలుపు వేసేశాడు.